పగుళ్ల గోడ

ప్రజ్ఞాపూర్ దగ్గరి వాటర్ పార్కులో కొత్త హోటల్ కట్టినప్పుడు గోడల గిలాబు పని నాకిచ్చారు. సిద్దిపేట నుంచి రోజూ బస్సులో వెళ్లేవాణ్ణి. గదులన్నీ పాతకాలపు పల్లెటూరి ఇళ్లలా కనిపించాలట. "గోడల మీద పగుళ్లు కనపడాలి మేస్త్రీ" అంది ఇంజనీరమ్మ. ముప్పై ఏళ్లుగా గోడలు నున్నగా చేసిన చెయ్యి నాది, వింటుందా? ఆమె అన్నానికి వెళ్లగానే ఒక గోడను అద్దంలా చేసేశాను. తిరిగొచ్చి మొత్తం చెక్కించింది. ఒళ్లు మండింది. అయినా పగుళ్లు నా తాపీతోనే గీశాను.

హోటల్ తెరిచాక, చూపిద్దామని మా ఆవిడను తీసుకెళ్లాను. సరిగ్గా ఆ గోడ దగ్గరే ఆగి, చేత్తో తడిమి చూసింది.

"గిదెవ్వడు చేసిండు? నీ చెయ్యైతే కాదు" అంది.

"కాదు" అన్నాను.