వదిన పథ్యం, ఆయన మౌనం

మొన్న మా జలంత్రకోటలో పక్కింటి కోడలు విశాఖ వెళ్ళి మొదటి విడత కీమో ఎక్కించుకుని వచ్చిందంటే చూడబోయాను. ఆ పిల్ల తన ఫోనులో ఏమేం తినాలో బొమ్మలతో సహా చూపించింది. గుడ్డు, పప్పు, పెరుగు, చేప అన్నీ ఉన్నాయి. వాళ్ళత్త పక్కనే కూర్చుని కోడిగుడ్డు ఒలుస్తోంది. సంతోషించాల్సింది పోయి నాకు అసూయ పుట్టింది, దాచుకోవడం దేనికి? జబ్బు మనదైనా పథ్యం పెద్దవాళ్ళ చేతిలో ఉండే రోజులు నా వయసు వాళ్ళకి గుర్తుండే ఉంటాయి.

నాకు రొమ్ములో గడ్డ అని తేలిన ఏడు మా ఇంట్లో వంటిల్లు మావారి అక్కగారిది. తల్లి లేని తమ్ముణ్ణి పెంచి, మొగుడు పోయాక మా దగ్గరే ఉండిపోయిన మనిషి. అంతకుముందే మా మావగారిని కిడ్నీ జబ్బులో మూడేళ్ళు సాకింది. మన ఉద్దానంలో ఆ జబ్బు చూడని గడప ఏది? ఆవిడకు తెలిసిన పథ్యం అదొక్కటే. పప్పు వద్దు, గుడ్డు వద్దు, ఉప్పు చిటికెడు, కూరముక్కలు ఉడికించి నీళ్ళు పారబోసి ఆ పిప్పి పెట్టాలి, చుట్టూ కొబ్బరిచెట్లే ఉన్నా బొండాం నీళ్ళు ముట్టకూడదు. అంతా ప్రేమతోనే చేసింది, కాదనను.

ఆసుపత్రిలో ఆహారం సంగతి చెప్పే అమ్మాయి మాత్రం నన్నూ మావారినీ కూర్చోబెట్టి, రోజుకు రెండు గుడ్లు, పప్పు, చేప తినాలని, ఒంట్లో శక్తి లేకపోతే మందు తట్టుకోలేరని రెండుసార్లు చెప్పింది. ఆయన తలూపారు. ఇంటికొచ్చి నేనా మాట చెబితే వదిన నన్ను వదిలేసి తమ్ముణ్ణి అడిగింది.

“ఏటిరా, ఆయమ్మ నిజంగా గుడ్లు తినమందేటి?”

“నీకు తెలీదేటప్పా, నువ్వెలా సేత్తే అలాగే” అని ఆయన స్నానానికి వెళ్ళిపోయారు. ఆ ఒక్క మాటతో నేను నోరు కట్టుకోలేక అబద్ధమాడినదాన్నయిపోయాను.

రెండు నెలల్లో గాజులు మోచేతుల దాకా జారిపోయేవి. నాలుగో విడతకి వెళ్తే డాక్టరమ్మ నా తూకం చూసి, సరిగ్గా తింటున్నారా అని అడిగింది. నేను నోరు తెరిచేలోగానే ఆయన, “అన్నీ బాగానే తింతందండి” అన్నారు. ఇంట్లో అక్కకు జడిసి ఊరుకున్నారనుకుందాం, అక్కడ ఎవరికి జడిసినట్టు? నా ప్రాణం గురించి అడిగితే నా పక్కనే కూర్చుని అంత మాట ఎలా అనగలిగారో నాకిప్పటికీ అర్థం కాదు. ఈ ఒంటితో మందు ఎక్కించలేనని ఆవిడ తేల్చేసరికి, సిగ్గు విడిచి పిప్పి సంగతంతా నేనే చెప్పేశాను. ఆవిడ అప్పటికప్పుడు ఇంటికి ఫోను కలిపించి వదినతో మాట్లాడింది.

ఇంటికి చేరేసరికి వదిన గుమ్మంలోనే నన్ను పట్టుకుని ఏడ్చింది. “ఒక్క మాట సెప్తే నాను సెయ్యనేటిరా!” అని తమ్ముణ్ణి కడిగేసింది. ఆ పూటే చేపల పులుసు పెట్టింది. ఆయన భయపడ్డ కోపం ఆవిడలో అసలు లేనేలేదు. మూడు వారాలకు కాస్త తేరుకున్నాను, మందు మళ్ళీ మొదలైంది, బతికాను. వదిన పోయినప్పుడు కన్నతల్లి పోయినంత ఏడ్చాను.

ఇప్పుడు ఆడపిల్లలు తమ ఒంటి మాట తామే చెప్పుకుంటున్నారు, వినే అత్తలూ ఉన్నారు. ఆయనా మారారు, టెక్కలి వెళ్తే నాకిష్టమైనదేదో ఒకటి తేకుండా రారు. ఏడాదికోసారి పరీక్షలకి ఇప్పటికీ ఇద్దరం కలిసే వెళ్తాం. డాక్టరు గదిలోకి మాత్రం నేనొక్కదాన్నే వెళ్తాను. ఆయన బయటే కూర్చుంటారు. ఎందుకని ఆయన ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.