ఇద్దరం వాడిన మందు

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో నేను గద్వాల నుంచి బళ్లారికి వేరుశనగ లోడు లారీ నడిపేవాణ్ణి. ధరూర్ దగ్గర మా ఊరు. పెళ్లయి ఏడాదైంది, నా భార్యకు నాలుగో నెల. ఒక ట్రిప్పులో బళ్లారిలో తప్పు చేశాను. ఆ సంగతి ఎవరికీ తెలియదనుకుని ఇంటికొచ్చి మామూలుగానే ఉన్నాను.

నాలుగైదు రోజులకు మూత్రంలో మంట మొదలైంది. తర్వాత లుంగీకి పసుపుపచ్చని చీము అంటసాగింది.

"వేడి చేసింది" అని ఇంట్లో చెప్పాను. నా భార్య నమ్మింది. సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చింది, పూటపూటకూ మజ్జిగ చేసింది. ఆమె గ్లాసు అందిస్తుంటే మొహం పక్కకు తిప్పుకుని తాగేవాణ్ణి. ఒక ఆరెంపీ డాక్టరు దగ్గరికి పోయి సూది వేయించుకున్నాను. మంట తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. ఇక భయపడి గద్వాల సర్కారు దవాఖానకు పోయాను.

డాక్టరు పెద్దాయన. ఆయనకూ వేడి అనే చెప్పాను.

"ఎండకు వేడి చేస్తే చీము రాదు. బయట ఎవరితోనన్న పోయినవా?"

తల వంచుకున్నాను. ఆయన తిట్టలేదు. చీము తీయించి పరీక్ష చేయించాడు.

"ఇది సెగరోగం, గనేరియా అంటరు. మందుకు పోతది. సిగ్గుపడి దాస్తేనే లోపల పాడుచేస్తది. నీ ఇంటామెను గూడ తోల్కరా."

"ఆమెకు ఏం లేదు సార్. నాలుగో నెల కడుపు."

"ఆడోళ్లకు శానామందికి పైకి ఏం తెల్వదు, లోపల ఉంటది. గట్లనే ఇడిస్తే కాన్పప్పుడు బిడ్డ కండ్లకు తగులుతది, చూపు పోవచ్చు. ఇప్పుడే మందు వాడితే గా భయం లేదు."

నేరుగా ఇంటికి వచ్చాను. ఆమె అరుగు మీద బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఎదురుగా కూర్చున్నాను.

"నాకు అయింది వేడి కాదు. బళ్లారికి పోయినప్పుడు తప్పు చేసిన. రోగం అంటింది. నీకు గూడ మందు కావాలెనంట, బిడ్డ కోసం."

ఆమె చేతులు ఆగిపోయాయి. చేటను పక్కకు పెట్టింది.

"నీతోని తర్వాత మాట్లాడ్త" అంది. "దవాఖాన ఎన్నింటికి తెరుస్తరు?"

మర్నాడు ఆటోలో ఆమె నా పక్కన కూర్చోలేదు. దవాఖానలో నర్సమ్మ ఆమెను వేరే గదిలోకి తీసుకుపోయి నెమ్మదిగా మాట్లాడింది. కడుపుతో ఉన్నవాళ్లకు పనికొచ్చే మందే ఇచ్చారు. ఇద్దరికీ రక్తం తీసి ఎయిడ్స్‌కూ, సిఫిలిస్ అనే సవాయి రోగానికీ పరీక్షలు చేశారు. మూడు నెలలకు మరోసారి చేశారు. రెండుసార్లూ ఏమీ లేదనే వచ్చింది.

"మందు మధ్యల ఇడువకుండ్రి. ఇద్దరిదీ అయినంక ఇంకో వారం దాక దూరం ఉండుండ్రి" అన్నాడు డాక్టరు. తర్వాత నన్ను ఒక్కణ్ణే పిలిచి నిరోధ్ ప్యాకెట్లు చేతిలో పెట్టాడు. "ఒకసారి వచ్చి పోయింది కదా, ఇంక రాదనుకోకు. మళ్ల గట్ల పోతే మళ్ల వస్తది. పోకుంటే మంచిది. పోతే మాత్రం ఇది లేకుండ పోకు."

నా మంట రెండు రోజుల్లో పోయింది. ఇంట్లో మాటలు మాత్రం నెలరోజులు లేవు. అన్నం పెట్టేది, పక్కకు తిరిగేది. నేనూ బతిమాలలేదు. ఒకరోజు లారీ ఎక్కుతుంటే వెనక నుంచి అంది, "వచ్చేటప్పుడు జర మామిడికాయలు దొరికితే తే." ఆ రోజు సంచి నిండా తెచ్చాను.

గద్వాలలోనే కాన్పయింది. ఆడపిల్ల. నర్సమ్మ నా చేతికిచ్చినప్పుడు కళ్లు పూర్తిగా తెరిచి నన్నే చూసింది. అవి శుభ్రంగా, నల్లగా ఉన్నాయి. అప్పుడు ఏడ్చాను. నా భార్య మంచం మీద నుంచి చూసి, పక్కన కూర్చోమని చేత్తో చూపించింది.

కొన్నాళ్లకు వనపర్తిలో టీ తాగుతుంటే తోటి డ్రైవరు ఒకడు తనకూ మూత్రంలో మంట, చీము అని చెవిలో చెప్పుకున్నాడు.

"దవాఖానల ఎవరన్న చూస్తే ఎట్లనే?"

"నేను గూడ గా వరుసల కూసున్నోన్నే. లే, నేనొస్త."

ఇద్దరం కలిసే పోయాం. మరుసటి వారం అతను భార్యను కూడా తీసుకుపోయాడు.