పెదనాన్న వేసుకున్న నడుంనొప్పి మాత్ర

నిన్న నవంబరు మొదటి సోమవారం. ఆ రోజు మొదటి ఆశ్చర్యం, తెల్లవారాక కూడా పెదనాన్న మంచం మీదే ఉండటం. బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసిన మనిషి, కోడికంటే ముందు లేచేవాడు. పెద్దమ్మ వెళ్లి తట్టింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

పెదనాన్నకు హెచ్ఐవీ ఉండేది. "దాసుకుంటే అదే పెద్ద జబ్బు" అనేవాడు. అందుకే నేనూ దాచకుండా రాస్తున్నాను.

నా చిన్నప్పుడు ఆయన రోజూ సారా తాగేవాడు. తాగిన రోజు హెచ్ఐవీ మాత్ర వేసుకునేవాడు కాదు. రెండూ కడుపులో కలిస్తే విషమవుతాయని మార్కెట్లో మూటలు మోసే కలాసీలంతా నమ్మేవారు. తాగుడు రోజూ ఉండేది కనుక మాత్రా రోజూ మిగిలిపోయేది. మనిషి ఎండిపోయాడు.

అప్పుడు ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇంకో మాత్ర కలిపి రాసింది. అది కండరాలు పట్టేసినవాళ్లకి ఇస్తారని మందుల షాపులో చెప్పారు. "మూటలు మోత్తానని నడుంకి రాసీసింది, సల్లని తల్లి" అని మురిసిపోయి వేసుకున్నాడు. మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను.

"నడుం సంగతి అలాగుంచమ్మా. ఏటో గానీ, సారా కొట్టు కాడికి కాలెల్లట్లేదు" అన్నాడు దిగులుగా.

డాక్టరమ్మ పగలబడి నవ్వింది. "అందుకే రాశానయ్యా! ఆ రోజు చెప్తే విన్నావా? పాత మాత్రే, కొత్త పనికి వాడుతున్నాం. అందరికీ పనిచేయదు, నీకు చేస్తున్నట్టుంది. ఎప్పుడైనా తాగినా సరే, హెచ్ఐవీ మాత్ర మాత్రం మానకు."

మధ్యలో ఒకటి రెండుసార్లు మళ్లీ తాగాడు. అయినా హెచ్ఐవీ మాత్ర మానలేదు. కొన్నాళ్లకు రక్తపరీక్షలో వైరస్ కనబడలేదు. "సూడండ్రా, దిక్కుమాలింది దొరకలేదంట!" అని మార్కెట్టంతా తిరిగి చెప్పాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు హాయిగా బతికాడు.

మూడో రోజు, చిన్నదినం నాడు, పోయినవారికి ఇష్టమైనవి విస్తట్లో పెట్టడం మా ఆచారం. ఈ సాయంత్రం పెద్దమ్మ తమ్ముడు సీసా తెచ్చాడు.

"బావకి ఇట్టం కదప్పా, పెట్టీ."

"ఆ ఇట్టం ఆయనకంటే ముందే సచ్చిపోనాదిరా. అట్టుకెల్లిపో!" అంది పెద్దమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

"అవునప్పా, బావ గెలిసేడు" అని మామయ్య సీసా తీసుకుని వెళ్లిపోయాడు. గెలవడం అనే మాట ఒక చావింట్లో ఇంత నిండుగా వినబడుతుందని నాకు తెలియదు.

తాగుడు మానాక పెదనాన్నకు పకోడీల మీద ప్రేమ పుట్టింది. "ఉల్లిపాయి ఇంత తియ్యగుంటాదేటే పిల్లా, ఇన్నాళ్లూ ఎవులూ సెప్పలేదు!" అనేవాడు. చిన్నదినం రేపే. పొద్దున్నే లేచి ఉల్లిపాయలు తరుగుతాను. పెద్దమ్మ వేయిస్తుంది. చల్లారకముందే విస్తట్లో పెడతాం.