గొలుసు ప్రార్థనలో అక్క వంతు

రాయపూర్‌లో ఓ హిందీ పత్రికకు విలేకరిగా చేరిన నాలుగో ఏట నా మీద పరువు నష్టం కేసు పడింది. మా అమ్మ దాన్ని కేసు అనుకోలేదు. పెళ్ళి కావలసిన కొడుకు మీద పడ్డ మచ్చ అనుకుంది.

ఎనభైల్లో సంగతి. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలు మా కాలనీలో పది పన్నెండు ఉండేవి. మగవాళ్ళు రైల్వేలో, ఆడవాళ్ళు ఆస్పత్రుల్లో. మా వెనక వరసలో ఉండే అక్క ప్రభుత్వాస్పత్రిలో నర్సు. చుట్టం కాదు గానీ నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది ఆవిడే, జ్వరమొస్తే సూది పొడిచిందీ ఆవిడే, ఏడిస్తే తిట్టిందీ ఆవిడే. భర్త పక్షవాతంతో మంచం పట్టాక ఆ ఇంటికి ఆమె ఉద్యోగమే ఆధారం.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అక్క సంచిలోంచి ఒక చీటీ తీసి నా చేతిలో పెట్టింది. గ్లూకోజ్ సీసా మీద నుంచి ఒలిచిన చీటీ. దాని కింద పాత తేదీతో ఇంకొకటి ఉందట. గడువు దాటిన సీసాలకు కాంట్రాక్టరు కొత్త చీటీలు అంటించి పంపుతున్నాడు.

"రాయరా. నా పేరు మాత్రం రాకూడదు. తెలిస్తే నౌకరీ పోతుంది."

"నీ పేరు నా నోట రాదక్కా" అన్నాను. ఇరవై ఆరేళ్ళప్పుడు మాట ఇవ్వడం ఎంత తేలికో!

వార్త అచ్చయింది. కాంట్రాక్టరు కోర్టుకెక్కాడు. ఇది ఎవరు చెప్పారని మేజిస్ట్రేటు అడిగారు. మా వకీలు మంచివాడే, ఉన్నదున్నట్టు చెప్పే దురలవాటు ఒక్కటే ఉంది. పత్రికల మీద ఫిర్యాదులు వినే మండలి ముందైతే పేరు చెప్పనక్కర్లేదని చట్టం ఉందట, కోర్టులో మాత్రం ఆ రక్షణ లేదట. చెప్పకపోతే జైలుకు పంపినా పంపవచ్చన్నాడు. కేసు శుక్రవారానికి వాయిదా పడింది. ఆఫీసులో నేను మీసం మెలేశాను గానీ, ఇంట్లో రాత్రుళ్ళు లేచి కూర్చుని, జైల్లో ఎన్నాళ్ళు ఉంచుతారోనని లెక్కలు వేసుకున్నాను.

బుధవారం సాయంత్రాలు కాలనీలో ఒక్కో వారం ఒక్కో ఇంట్లో ప్రార్థన కూడిక జరిగేది. ఆ వారం మా ఇల్లు. ముందు ఎవరి అవసరం వాళ్ళు పైకి చెప్పాలి. తర్వాత చాప మీద గుండ్రంగా కూర్చున్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు దాని కోసం ప్రార్థన చేయాలి. గొలుసు ప్రార్థన అంటారు. వంతు వస్తే తప్పించుకోవడం కుదరదు. ఎవరింట్లో ఎవరికి మొలలున్నాయో కాలనీ అంతటికీ తెలియడం ఈ పద్ధతి పుణ్యమే.

అమ్మ కొంగు తల మీదికి లాక్కుని లేచింది.

"శుక్రవారం మావాడికి కోర్టులో పేషీ ఉందమ్మా. ఏ మహాతల్లో వీడి చెవిలో ఊది తప్పుకుంది. వీడేమో జిద్దు పట్టి పేరు చెప్పనంటున్నాడు. ఆ పేరు వీడు చెప్పేసేలా ప్రార్థన చేయండి."

ఆ మహాతల్లి తన పక్కనే కూర్చుందని అమ్మకు తెలియదు.

గొలుసు మొదలైంది. ఒక్కొక్కరూ నా నోరు తెరిపించమని దేవుణ్ణి బతిమాలుతుంటే నేను తల ఇంకా కిందికి దించుకున్నాను. అక్క వంతు వచ్చింది. కళ్ళు తెరిచి చూశాను. ఆమె కూడా కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది. కాసేపటికి కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, ఈ బిడ్డ నోట ఆ పేరు రానివ్వకు. చెప్పినవాళ్ళే వచ్చి చెప్పుకునే ధైర్యం ఇవ్వు తండ్రీ."

అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది మా అమ్మే.

శుక్రవారం కోర్టు మెట్ల దగ్గర వకీలు ఒక కాగితం ఊపుతూ ఎదురొచ్చాడు. కింద అక్క సంతకం ఉంది. ఆ సంగతి విలేకరికి చెప్పింది తానేనని, ఎక్కడికి పిలిచినా వచ్చి సాక్ష్యం చెబుతానని రాసింది. ఆమె వస్తుందని తెలియగానే కాంట్రాక్టరు కేసు వెనక్కి తీసుకున్నాడు. ఆస్పత్రివాళ్ళు ఆమెను ఉద్యోగంలోంచి తీసేయలేదు గానీ దూరంలో ఉన్న ఆరంగ్ ఊరికి బదిలీ చేశారు. మంచంలో ఉన్న మనిషిని వదిలి రోజూ బస్సులో వెళ్ళిరావడం. అమ్మ ఆ సాయంత్రమే వాళ్ళింటికి పరుగెత్తి, ఆమెను పట్టుకుని బావురుమంది.

నేను వెళ్ళడానికి నెల పట్టింది. ఆరంగ్ ఆస్పత్రి వరండాలో ఆమె మధ్యాహ్నం భోజనం చేస్తోంది. నన్ను చూడగానే టిఫిన్ మూతలోకి సగం అన్నం తీసి నా వైపు తోసింది.

"ఎందుకలా చేశావక్కా? నేను చెప్పేవాణ్ణి కాదు కదా."

"చెప్పేసేవాడివే రా" అంది, కోపమేమీ లేకుండా. "ఆ రోజు నీ మొహం చూశాగా. నౌకరీ పోతే ఎలాగో బతికేదాన్ని. నువ్వు చెప్పేసుంటే మాత్రం, సిగ్గుతో మళ్ళీ మా గడప తొక్కేవాడివి కాదు. తిను, చల్లారిపోతోంది."

శుక్రవారం పొద్దున ఇంట్లోంచి బయలుదేరేటప్పుడే, ఆమె పేరు చెప్పేద్దామని నేను నిశ్చయించుకున్నాను.