అడగకముందే ‘లేదు’ అన్న పదివేల మంది

అమ్మమ్మ పంటి డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి, మెడ కింద పచ్చ గుడ్డ కట్టించుకుని, నోరు బార్లా తెరిచి ఉన్న సమయంలో, పంతొమ్మిదేళ్ళ కిందట తను చేసిన తప్పు ఆమె కళ్ళబడింది. ఎదురుగా గోడ మీద తెర ఉంది. తెర మీద ఆమె వయసు, ఆమె ఫోన్ నంబరు, వాటి కింద ఒక వరస: మత్తు సూది పడకపోవడం – లేదు.

ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు. కౌంటర్లో అడగలేదు, కుర్చీలో కూర్చోబెట్టాక అడగలేదు. అడగని ప్రశ్నకు ఈ ‘లేదు’ ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ప్రపంచంలో ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి నోట్లో ప్రస్తుతం చిన్న అద్దం ఉంది.

“ఆఁ… ఆఁ…” అంది అమ్మమ్మ.

“నొప్పి ఉండదమ్మా. ఇంకా సూదే వెయ్యలేదు,” అన్నాడు పెద్ద డాక్టరు.

అమ్మమ్మ ఆయన చెయ్యి పక్కకు తోసి, కుర్చీ దిగి, పచ్చ గుడ్డతోనే నడవా దాటుకుని అదే ఆసుపత్రిలో ఉన్న తన గదిలోకి వెళ్ళిపోయింది. పన్ను పన్నులాగే ఉండిపోయింది. అసలే ముక్కు మీద కోపం ఉండే మనిషి, పైగా పంటి నొప్పి. తర్వాతి మూడు వారాలు ఇంట్లోవాళ్ళు ఎలా గడిపి ఉంటారో ఎవరైనా ఊహించుకోవచ్చు.

ఆమె గది అంటే ఒకప్పుడు దవడల అచ్చులు దాచే కొట్టు. ఆసుపత్రికి కంప్యూటర్లు వచ్చినప్పుడు సగం అచ్చులు పారేసి, మిగతా సగాన్ని అరల మీదే ఉంచి, కింద ఒక బల్ల వేసి, ఆమెను కూర్చోబెట్టారు. పంతొమ్మిదేళ్ళుగా నలభై తెల్లటి దవడలు పళ్ళికిలిస్తూ ఉంటే, వాటి కింద కూర్చుని అమ్మమ్మ ఆ ఆసుపత్రి ప్రోగ్రామంతా ఒంటిచేత్తో రాసింది. రోగి చీటీ, మందుల చీటీ, తర్వాత ఎప్పుడు రావాలో చెప్పే చీటీ, అన్నీ ఆమెవే.

తప్పు ఎక్కడుందంటే, ఆ ప్రశ్నకు జవాబు దాచడానికి ఆమె ఉత్త బూలియన్ వాడింది. చదువుకున్నవాళ్ళు దీన్ని ఇంకోలా చెబుతారేమో గానీ, అమ్మమ్మ చెప్పేది ఇదీ. ఉత్త బూలియన్ గోడకున్న స్విచ్ లాంటిది. వేసి ఉంటుంది, లేకపోతే ఆపి ఉంటుంది. మూడోది లేదు. కొత్తగా బిగించిన స్విచ్ ఆపే ఉంటుంది కదా. తర్వాత దాన్ని చూసినవాడికి, ఎవరైనా కావాలని ఆపారా, అసలు ఎవరూ ముట్టుకోలేదా అన్నది తెలిసే దారి లేదు. ఆమె ప్రోగ్రాము రాసిన కంప్యూటర్ భాషలోనూ అంతే. ఎవరూ ఏమీ నొక్కకపోతే, దానంతట అదే అబద్ధం కింద లెక్క. అబద్ధం అంటే తెర మీద ‘లేదు’.

రికార్డుల్లో మొత్తం పదకొండు వేల నాలుగు వందల మంది. ‘ఉంది’ అన్నవాళ్ళు నాలుగు వందల అరవై. మిగిలిన పదివేల తొమ్మిది వందల నలభై మందిలో ఎవరు నిజంగా లేదన్నారో, ఎవరి నోటి దగ్గరికి ఆ ప్రశ్నే పోలేదో, దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు. వాళ్ళలో ఏ పదిమందికి సూది పడకపోయినా, కుర్చీలోనే గొంతు వాచిపోవచ్చు. ఇంత తెలిశాక అమ్మమ్మకు అన్నం సహించలేదు. పంటి నొప్పి వల్ల ఎలాగూ సహించేది కాదు, అది వేరే సంగతి.

నెలాఖరుకు ఈ ఆసుపత్రి ప్రోగ్రామును ఇంకో రెండు ఆసుపత్రుల ప్రోగ్రాముతో కలిపేస్తున్నారు. అక్కడికి వెళ్ళాక పాత ‘లేదు’లన్నీ ‘అడిగాం, లేదన్నారు’ అని స్థిరపడిపోతాయి. ఇక వేలు పెట్టడానికి ఉండదు. చేతిలో ఉన్నది మూడు వారాలు.

మర్నాడు పొద్దున తాతయ్య పేపరు చదువుతుంటే, ఆయన కళ్ళజోడు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది అమ్మమ్మ.

“ఇదిగో, ఇలాంటి డబ్బాలో పెడతానండీ జవాబుని. దీన్ని రేపర్ క్లాస్ అంటారు. ఉత్త జవాబు కాకుండా, జవాబు చుట్టూ ఒక పెట్టె. తెరిస్తే ఉంది అని ఉండొచ్చు, లేదు అని ఉండొచ్చు, లేకపోతే పెట్టె ఖాళీగా ఉండొచ్చు. ఖాళీ అంటే ఎవరూ అడగలేదని. తెలిసిందా?”

“ఇది ఖాళీగా ఉంటే కళ్ళజోడు నా మొహం మీద ఉందని నాకు ఎప్పట్నుంచో తెలుసు,” అన్నాడు తాతయ్య పేజీ తిప్పుతూ.

“చిలక్కి చెప్పినట్టు చెబుతుంటే వేళాకోళమా?”

“లేదే, అర్థమైందంటున్నా. ఇంత తేలిగ్గా ఉంటే పంతొమ్మిదేళ్ళ కిందటే పెట్టెలో పెట్టాల్సింది.”

అమ్మమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. కోపం వస్తే ఆమె చేసే పని అదే. ఆ మూడు వారాల్లో అద్దాలు సగానికి అరిగిపోయాయని తాతయ్య ఇప్పటికీ అంటాడు.

మేనేజరుకు చెబితే ఆయన నవ్వాడు. ఆయనకు అమ్మమ్మ పెట్టిన పేరు పట్టికలాయన. ఏ సంగతైనా గళ్ళు గీసి చూపిస్తే తప్ప ఆయనకు బుర్రకెక్కదు.

“నేనూ కాస్త చదువుకున్నా మేడమ్. మార్చేది ఒక్క అక్షరం, boolean లో చిన్న b తీసి పెద్ద B పెట్టడం. దానికి మూడు వారాలా?”

“మార్చడం ఒక్క నిమిషమే. మార్చాక ఏమేం కూలుతుందో చూసుకోవడానికి మూడు వారాలు.”

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. ఉన్న రికార్డులన్నిటికీ ఒక నకలు తీసి పెట్టుకుని, ‘లేదు’ అని ఉన్న ప్రతి పెట్టెనూ ఖాళీ చేసి, సోమవారం తొమ్మిదింటికి కొత్త ప్రోగ్రాము నడిపించింది. తొమ్మిదీ నాలుగుకి కౌంటరు నుంచి ఫోను. కౌంటరమ్మాయికి నలభై రెండేళ్ళు, కాలేజీకి పోయే కొడుకున్నాడు. అయినా ఆసుపత్రిలో అందరికీ ఆమె అమ్మాయే.

“ఆంటీ, చీటీ రావట్లేదు. తెరంతా ఎర్రగా ఏదో ఇంగ్లీషులో తిడుతోంది. పధ్నాలుగు మంది నిలబడ్డారు, పధ్నాలుగు మందికీ బుగ్గలు వాచి ఉన్నాయి. వచ్చి మీరే సర్దిచెప్పండి.”

ప్రోగ్రాములో చీటీ అచ్చువేసే ముక్క పాతది. పెట్టెలో ఏదో ఒకటి ఉండే తీరుతుందన్న ధీమాతో మూత తీసి, చెయ్యి పెట్టి, చేతికి ఏమీ తగలక, ఉన్నచోటే కుప్పకూలిపోతోంది. దాన్ని రాసింది ఎవరో కాదు. తిట్టుకోవడానికి ఇంకో మనిషి లేకపోవడం ఎంత కష్టమో అమ్మమ్మకు ఆ రోజు తెలిసింది. ఖాళీయో కాదో చూడకుండా పెట్టె తెరిచే చోట్లు వెతుక్కుంటూ పోతే నలభై మూడు తేలాయి. ఒక్కోదాని ముందూ ‘ముందు లోపల ఏమైనా ఉందేమో చూడు’ అని రాసుకుంటూ వచ్చింది. మంగళవారం సాయంత్రానికి తల ప్రాణం తోకకొచ్చింది.

బుధవారం నుంచి అన్నీ సవ్యంగా నడిచాయి. ఖాళీ పెట్టె ఉన్న రోగి రికార్డు తెరిస్తే, తెర మీద పసుపు పట్టీ వెలిగి ‘అడగలేదు’ అని కనిపిస్తుంది. అడిగి నొక్కితే పోతుంది. శుక్రవారం మధ్యాహ్నం చూసుకుంటే, మూడు రోజుల్లో రెండు వందల పన్నెండు పట్టీలు పోయాయి. అమ్మమ్మ నెత్తిన పాలు పోసినట్టయింది. ఆ సంతోషంలో తాతయ్యకు ఫోన్ చేసి, పొద్దున అనవసరంగా కసిరినందుకు ఏమీ అనుకోవద్దని కూడా అంది. ఆయన భయపడి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు.

ఆ సంతోషం పావుగంట కూడా నిలవలేదు. రెండు వందల పన్నెండు మందిలో ఒక్కరంటే ఒక్కరికీ ‘ఉంది’ అని లేదు. ఎంత సేపట్లో జవాబు చెప్పారా అని చూస్తే, ప్రతి ఒక్కరూ రికార్డు తెరిచిన రెండో సెకనుకే చెప్పేశారు. బుగ్గ వాచిన మనిషి రెండు సెకన్లలో ఏ ప్రశ్నకూ జవాబు చెప్పడు. ముందు “ఆ?” అంటాడు.

అమ్మమ్మ కౌంటరు దగ్గరికి వెళ్ళింది.

“ఇంతమందినీ అడిగావా అమ్మాయ్?”

“దేన్ని గురించి ఆంటీ?”

“ఆ పసుపు పట్టీ.”

“ఓ, అదా. నొక్కితే పోతోంది కదా, నేనే నొక్కేస్తున్నా. లేదని నొక్కితే ఒక్కసారితో అయిపోతుంది. ఉందని నొక్కితే ఏ మందూ ఎప్పుడూ అని ఇంకో పేజీ తెరుచుకుంటోంది.” ఆమె చాలా ఆప్యాయంగా చెప్పింది. “మీరు చూసి బాధపడతారని భోజనాల వేళ కూర్చుని, వచ్చినవాళ్ళలో మిగిలినవీ తీసేశా. ఇవాళ్టి వరకూ ఒక్క పసుపు లేదు చూడండి.”

అమ్మమ్మ పళ్ళు నూరబోయి, నొప్పి పుట్టి మానేసింది. ఈ పిల్లను ఏమని కోప్పడుతుంది? తెలియనిచోట లేదని రాసి చేతులు దులుపుకోవడం ఆమె కనిపెట్టింది కాదు.

“నువ్వు అచ్చం నా పాత ప్రోగ్రాములాగే ఉన్నావే,” అంది చివరికి.

“థాంక్స్ ఆంటీ,” అంది కౌంటరమ్మాయి.

తిరిగి గదికి వచ్చి రెండు వందల పన్నెండు పెట్టెలూ మళ్ళీ ఖాళీ చేసింది. సోమవారం పట్టికలాయన పిలిచాడు. పెద్ద డాక్టరు కూడా అక్కడే ఉన్నాడు. బల్ల మీద నెలాఖరు పట్టిక పరిచి ఉంది.

“చూడండి మేడమ్, దీంట్లో రెండే గళ్ళు. ఉంది, లేదు. పోయిన నెల మనం నూటికి నూరు మందినీ అడిగినట్టు పంపించాం. మీ ఖాళీలతో లెక్కేస్తే నూటికి నలుగుర్ని అడిగినట్టు వస్తోంది. కలపబోయే ముందు పైవాళ్ళకి ఇది చూపించమంటారా? ఖాళీలన్నీ లేదు కింద వేసేద్దాం. ఇన్నేళ్ళూ అలాగే ఉంది, ఎవరికైనా ఏమైనా అయిందా?”

“ఏమీ కాలేదు కాబట్టి ఏమీ కాదంటారా?”

“నేనన్నది పట్టిక గురించి.”

“నేనడుగుతున్నది మనుషుల గురించి.” అమ్మమ్మ కళ్ళజోడు తీసింది, తుడవలేదు. డాక్టరు వైపు తిరిగింది. “డాక్టరు గారూ, ఈ కంప్యూటర్లు రాకముందు మీరెలా చేసేవారు? సూది వేసే ముందు అడిగేవారా?”

డాక్టరు చేతిలో ఉన్న పెన్ను మూత పెట్టాడు, తీశాడు.

“అడిగేవాణ్ణమ్మా. మనిషి కూర్చోగానే మొదటి మాట అదే.”

“ఎప్పుడు మానేశారు?”

“తెర మీద లేదని కనిపిస్తుంటే మళ్ళీ ఎందుకని… మీరు రాసింది కదా, సరిగ్గానే ఉంటుందనుకున్నా.”

ఆయన తప్పు పట్టాలని అనలేదు. కానీ అమ్మమ్మకు ఆ మాట పంటి నొప్పికన్నా లోతుగా దిగింది. ఇన్నేళ్ళూ తన ప్రోగ్రాము ఒక ప్రశ్నను దాస్తోందనుకుంది. అది ప్రశ్నను దాచడం కాదు, అడిగేవాడి నోరే కట్టేసింది.

“ఖాళీలు ఖాళీగానే వెళ్ళనీ,” అన్నాడు డాక్టరు పట్టికలాయనతో. “ఆ రెండు ఆసుపత్రుల వాళ్ళకి నేను ఉత్తరం రాస్తా. పసుపు పట్టీ ఉన్నవాళ్ళకి అడక్కుండా సూది వెయ్యను. నేను వెయ్యను, నా కింద ఎవరూ వెయ్యరు.”

పట్టికలాయన మొహం మాడ్చుకున్నాడు. “బాగుంది. మరి పదివేల మందిని ఎవరు అడుగుతారు? కౌంటర్లో అంత తీరిక లేదు. ఈ నెలాఖరులోగా రాబోయేవాళ్ళు, వారం పదిరోజుల్లో కుర్చీ ఎక్కేవాళ్ళు ఆరు వందల మంది ఉన్నారు. వాళ్ళనైనా ముందుగా ఎవరు అడుగుతారు?”

ఆ గదిలో ముగ్గురే ఉన్నారు. ఇద్దరు ఒకే వైపు చూశారు.

అలా మర్నాటి నుంచి అమ్మమ్మ ప్రోగ్రాము రాయడం మాని, దవడల కింద కూర్చుని, చెవికి ఫోను తగిలించుకుని, జాబితాలో మొదటి పేరుకు ఫోన్ చేసింది. ఎత్తింది ఒక పెద్దాయన.

“పంటి ఆసుపత్రి నుంచి చేస్తున్నానండీ. గురువారం వస్తున్నారు కదా. మత్తు సూది మీకు పడకపోవడం ఎప్పుడైనా జరిగిందా?”

“జరిగిందేమోనమ్మా.”

“జరిగిందాండీ, లేదాండీ?”

“ఒకసారి మొహం వాచింది. సూదికి వాచిందో, పంటికే వాచిందో అప్పుడే తేల్చలేదు. మా ఆవిడ సూదికే అనేది. నేను కాదనేవాణ్ణి. ఇప్పుడు ఆవిడ లేదు, కాదనడానికి నాకూ అంత పట్టు లేదు. మీకెలా తోస్తే అలా రాసుకోండి.”

అమ్మమ్మ తెర వైపు చూసింది. ఉంది, లేదు, అడగలేదు. ‘ఉంది’ అని నొక్కుదామంటే ఆయన ఒప్పుకోవడం లేదు, ‘లేదు’ అని నొక్కుదామంటే ఆయన భార్య ఒప్పుకోవడం లేదు. ఖాళీగా వదిలేద్దామంటే ఇప్పుడే అడిగింది. ఇన్నాళ్ళూ అందరితో పోట్లాడి తెచ్చుకున్న పెట్టెలో ఈ మనిషికి చోటు లేదు. అమ్మమ్మ ఒక్క క్షణం ఫోను పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని, పది అంకెలు లెక్కపెట్టింది. తర్వాత బల్ల సొరుగులోంచి ఒక తెల్ల కాగితం తీసింది.

“ఏ బుగ్గండీ వాచింది? సూది వేశాక ఎంతసేపటికి?”

ఆయన మొదలుపెట్టాడు. సూది దగ్గర కాదు, ఆ రోజు బస్సెక్కిన దగ్గర్నుంచి. అమ్మమ్మ రాసుకుంటూ పోయింది. అరగంటకు పట్టికలాయన తలుపు సగం తెరిచి తొంగిచూశాడు.

“ఎంతమంది అయ్యారు మేడమ్?”

అమ్మమ్మ ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టింది. “ఒకరు. ఇంకా అవుతున్నారు,” అని, కాగితం రెండో వైపు తిప్పింది.