ఆవకాయ జాడీలో సంగ్రియా

మా మనవరాలు ఉద్యోగంలో చేరి ఎన్నాళ్లైనా ఒక్క స్నేహితురాలిని కూడా ఇంటికి తీసుకురాలేదు. కారణం నేనే. గదిలోంచి మనిషి లేస్తే చాలు, ఫ్యాను కట్టేస్తాను. వచ్చినవాళ్లకు మజ్జిగ పోస్తే సగం గ్లాసు దగ్గర నా చెయ్యి దానంతటదే ఆగిపోతుంది. అందుకని పాపం వాళ్లంతా హోటళ్లలో కలుసుకునేవారు.

ఒక ఏడు రోహిణీ కార్తెలో, మేముండే రాయ్‌పూర్‌లో నౌతపా అంటారు దాన్ని, ఆఫీసువాళ్లను ఇంటికి పిలుస్తానంది. సంగ్రియా చేస్తుందట. ఎర్ర వైన్‌లో పళ్లముక్కలు ఊరబెట్టి, చల్లబరిచి, సోడా కలిపి ఇవ్వడం. మందు నా గడప తొక్కకూడదని ఒక పూటంతా అరిచాను. అదే పానీయానికి హోటల్లో ఎంత పుచ్చుకుంటారో చెప్పింది. సరేనన్నాను. నా నీతి నా పొదుపు ముందు ఏనాడూ నిలబడింది కాదు.

పైగా ఊరబెట్టడం నాకు రాని విద్యా? బడికి వెళ్లింది రెండేళ్లే గానీ ఊరగాయల్లో నాకు నేనే పంతులమ్మని. పెత్తనం తీసుకున్నాను. గుఢియారీ బజారులో పొద్దుపోయాక మిగిలిన నారింజలు, మెత్తబడ్డ యాపిళ్లు బేరమాడి తెచ్చి, మచ్చలు చెక్కి కోశాను. అది గాజు జగ్గు కొంటానంది. ఖాళీ ఆవకాయ జాడీ ఇంట్లో ఉండగా జగ్గెందుకన్నాను.

"నానమ్మా, దాన్లో ఇంకా అచార్ వాసనొస్తోంది."

"తోమి ఎండలో ఎట్టాను. ఇంకేటి వాసన? నీ ముక్కే అలాటిది."

రాత్రంతా ఊరింది. మర్నాడు సాయంత్రం వాళ్లొచ్చారు. అడక్కుండానే ఫ్యాను వేశాను, గ్లాసులు నిండా పోయించాను. మొదటి గుక్కకే అందరి ముఖాలూ ఒక్కలా అయిపోయాయి. ముందు నారింజ తీపి, వెనకాలే ఆవపిండి, మెంతులు. మర్యాదస్తులు, రెండో గుక్క కూడా తాగారు. మనవరాలు మాత్రం తల దించుకుంది. ఇక వీళ్లు మా గుమ్మం ఎక్కరు, ఇది పిలవదు. ఆ సంగతి దాని ముఖం మీదే రాసి ఉంది.

ఊరి పక్కనున్న ధర్సీవా నుంచి వచ్చిన అమ్మాయి హిందీలో అడిగింది, ఇందులో ఆవాలు వేశారా అని. కొత్త పద్ధతి అని మనవరాలు చటుక్కున అబద్ధం చెప్పింది. నన్ను కాపాడ్డానికి. అది భరించలేకపోయాను. ఇది ఊరగాయ జాడీ అనీ, జగ్గు డబ్బులు మిగిల్చాననీ నాకొచ్చిన రైల్వే క్వార్టర్ల హిందీలో చెప్పేశాను.

"నై బేటీ. యే అచార్ కా బర్నీ హై. జగ్ కా పైసా బచాయా."

అంతా ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆ పిల్ల ఫక్కున నవ్వింది, తరవాత అందరూ. అచార్ ఎక్కడుంది దాదీ, విడిగా పెట్టండి అన్నారు. అదీ లేదని చెప్పుకోవలసి వచ్చింది.

మర్నాడే వెళ్లి గాజు జగ్గు కొన్నాను, బేరమాడకుండా. నన్నెరిగిన కొట్టువాడు కంగారుపడి ఒంట్లో బాగుందా అని అడిగాడు.

మళ్లీ ఆదివారం వాళ్లొచ్చారు. ఈసారి గట్టి పళ్లు, జగ్గు నిండా ఐసు. గ్లాసులు పట్టుకుని అందరూ బాల్కనీలోకి లేచారు. గదిలో ఫ్యాను ఒంటరిగా తిరుగుతోంది. నా చెయ్యి స్విచ్చి దాకా పోయి ఆగింది. మనవరాలు గుమ్మం దగ్గర్నించి చూసింది.

"ఆపీ నానమ్మా, పర్లేదు. నీ సంగతి ఆళ్లకి తెల్సిపోయింది."

ఆపేశాను.