నీడ అడిగిన సాక్ష్యం

ప్రభుత్వం చాటుమాటుగా నడిపిన వ్యవహారాల మీదా, ఉన్మాద ముఠాల మీదా జీవితమంతా ఆధారాలు పోగేసిన విలేఖరి, ఇప్పుడు ఆ ఆధారాలు నింపిన అట్టపెట్టెల మధ్యే మంచం వేసుకుని పడుకుంటున్నాడు. ఋణానుబంధం ఆలుబిడ్డలతోనే కాదు, వెంటపడ్డవాళ్లతోనూ ఉంటుంది. ఒకప్పుడు అతని వెనకే తిరిగిన నిఘా మనిషి ఆ మధ్యాహ్నం కర్ర ఊతంతో వచ్చాడు.

“నేనసలు నిఘా ఆఫీసులో పనే చెయ్యలేదంటున్నారు గురువుగారూ. పింఛను ఇవ్వరట. మీ పెట్టెల్లో నా ఆనవాలేమైనా ఉందా?”

“ఎందుకుండదన్నయ్యా,” అంది విలేఖరి భార్య. “మా పెళ్లి ఫోటోలో కూడా వెనక మీరేగా.”

విలేఖరి ఓపిక కూడదీసుకుని ఒక పెట్టె దించాడు. నిఘా ఆఫీసు జీపు ఎక్కుతున్న మనిషి ఫోటో బయటికి తీశాడు.

“ఇది నువ్వు కాదని కోర్టులో ప్రమాణం చేశావు. నా మీద నిఘా పెట్టారని నేను వేసిన కేసు పోయింది.”

“ఇప్పుడు నేనేనంటాను.”

“ఎవరు నమ్ముతారయ్యా,” అంటూనే విలేఖరి కళ్లజోడు పెట్టుకుని, సాక్షి సంతకం చెయ్యడానికి అతని అర్జీ అందుకున్నాడు.